పోటు పట్టీ చూసి గుడారం వేద్దాం

"ఫ్రాన్స్‌కా? ఏమేం కవర్ చేస్తున్నారు?"

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లలో ఎవరికి చెప్పినా ముందు వచ్చే ప్రశ్న ఇదే. పన్నెండు రోజులూ ఒకే చోట, గుడారం వేసుకుని ఉంటామని చెబితే అవతల కాసేపు మాట ఉండదు. ఆ తర్వాత "పిల్లలతోనా? అందులోనూ మీ అత్తగారితోనా?" అంటారు. వాళ్లని తప్పుపట్టను. మూడేళ్ల కిందట నేనూ అలాగే అడిగేదాన్ని. ఇప్పుడు మాత్రం ఆ "కవర్ చేయడం" అన్న మాటతోనే నాకు పేచీ. సముద్రం దగ్గరికి వెళ్లేవాళ్లు ఊళ్ల జాబితా ముందు పెట్టుకోకూడదు, ఏ రోజు ఏ వేళకి సముద్రం ఎంత ముందుకొస్తుందో, ఎప్పుడు వెనక్కెళుతుందో చెప్పే పోటు పట్టీ ముందు పెట్టుకోవాలి. తేదీలు, బస, పడవ టికెట్లు అన్నీ ఆ తర్వాతే.

ఇది నాకు తెలిసొచ్చింది 2023లో. ఆ వేసవిలో పదకొండు రాత్రులకి ఏడు బసలు. ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీలో దిగి, దాని పక్కనున్న బ్రిటనీ మీదుగా కిందికి పోయాం. ఎక్సెల్ షీటు నేనే తయారుచేశాను, గంటకో గడి. కాంకాల్ అనే ఊరికి చెప్పిన టైముకి చేరాం. చూస్తే సముద్రం లేదు. కనుచూపు మేర బురద, అందులో ఒక పక్కకి ఒరిగి పడుకున్న పడవలు. నాలుగు ఫోటోలు తీసుకుని, సముద్రంలో గుట్ట మీద పాత మఠం ఉన్న మోం సేం మిషెల్‌కి బయల్దేరాం. అక్కడా ఇసుకే. సాయంత్రం దాకా ఉంటే నీళ్లు వస్తాయని పక్కన ఎవరో అన్నారు కానీ, ఆ గడిలో వేరే ఊరుంది. తొమ్మిదో రోజున కారు వెనక సీట్లోంచి మా చిన్నది, అప్పటికి దానికి ఐదేళ్లు, "అమ్మా, బీచ్ హాలిడే ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగింది.

తొమ్మిది రోజులుగా సముద్రం అంచునే తిరుగుతున్నాం. మేం వెళ్లిన వేళకి సముద్రం ఉండదు, సముద్రం వచ్చే వేళకి మేం ఉండం. పిల్లకి నేనేం జవాబు చెప్పాలి?

తెలుగులో "జీవితంలో ఆటుపోట్లు" అని ఊరికే అనేస్తుంటాం. పోటంటే నీళ్లు ముందుకి రావడం, ఆటంటే వెనక్కెళ్లడం. కోస్తాలో పుట్టిన నాకు కూడా అది మాటవరసకి వాడే మాటే తప్ప కళ్లతో చూసిన సంగతి కాదు. మన తూర్పు తీరంలో పోటుకీ ఆటుకీ తేడా మీటరు, మహా అయితే మీటరున్నర. విశాఖ బీచ్‌లో రోజంతా కూర్చున్నా నీళ్లు కాస్త ముందుకొచ్చి కాస్త వెనక్కెళ్లినట్టే ఉంటుంది. ఫ్రాన్స్ పడమటి తీరం అలా కాదు. మోం సేం మిషెల్ అఖాతంలో పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం 14 మీటర్ల దాకా మారుతుంది, అంటే నాలుగంతస్తుల మేడ ఎత్తు. దక్షిణంగా దిగేకొద్దీ అది తగ్గుతుంది. వాందే జిల్లా తీరంలో ఐదు మీటర్ల దాకా ఉంటుంది. అదే మధ్యధరా వైపు వెళితే పోటన్నదే పెద్దగా తెలియదు. ఎప్పుడు వెళ్లినా సముద్రం ఉన్నచోటే ఉండాలనుకునేవాళ్లు అటు వెళ్లడం మేలు, అందులో తప్పేం లేదు.

ఫ్రెంచివాళ్లు ప్రతి పోటుకీ ఒక అంకె వేస్తారు, 20 నుంచి 120 దాకా. 70 మధ్యస్థం. 100 దాటితే పెద్ద పోటు, ఆటు వేళ నీళ్లు వెనక్కెళ్లేదీ అంతే ఎక్కువ. ఆ రోజు గుల్లలు ఏరడానికి ఊళ్లకి ఊళ్లు బక్కెట్లు, పారలు పట్టుకుని ఇసుకలోకి దిగిపోతాయి. ఆ అంకెలు, వేళలు అచ్చేసిన చిన్న పుస్తకం తీరంలో ఎక్కడైనా దొరుకుతుంది, ఏడాది మొత్తానికీ ముందే లెక్క కట్టి ఉంటుంది. పోయినేడు ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారికి ఆ పట్టీ చూపించి వివరించబోయాను. ఆవిడ శ్రీకాకుళం జిల్లాలో నౌపడ దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. రెండు వరుసలు చూసి, "ఇందులో కొత్తేటుందమ్మా? అమాసెళ్లిన విదియ తదియలకి పోటెక్కువ, అష్టమి నవములకి తక్కువ. మా నాన్న నోటిలెక్క ఇదే" అన్నారు. నిజమే. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరుసలోకి వచ్చిన ఒకటిన్నర రోజుకి పోటు బలపడుతుంది. అమావాస్యకీ అంతే, పౌర్ణమికీ అంతే. అప్పటినుంచి మా ఇంట్లో పంచాంగం కూడా సెలవుల కాగితాల్లో చేరింది.

ఇంకో సంగతి ఆ పట్టీని చూస్తేగానీ తెలియదు. పోటు రోజుకి ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది కదా, పక్షం తిరిగేసరికి మళ్లీ ఇంచుమించు అదే వేళకి వస్తుంది. అందుకే వాందే తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజులకి ఆటు ఎప్పుడూ మధ్యాహ్నానికి అటూ ఇటూగానే పడుతుంది. అంటే నీళ్లు బాగా వెనక్కెళ్లే రోజుల్లో అవి వెళ్లేది పట్టపగలే. పిల్లలు ఉన్నవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? పొద్దున్న తీరిగ్గా వండుకుని తిని బయల్దేరితే సరిపోతుంది. పన్నెండు రోజులు ఒకేచోట ఉంటే పెద్ద పోటూ చూస్తారు, చిన్న పోటూ చూస్తారు. రెండు రోజులకో ఊరు మారితే ఇందులో ఒక్కటీ దక్కదు.

అలా 2025 ఆగస్టు 23, పొలాల అమావాస్యని మధ్యలో పెట్టుకుని తేదీలు రాసుకున్నాం. ఆగస్టు చివరి వారాలు ఇంకో రకంగానూ మంచివి. అక్కడ జులై 14 పండుగ నుంచి ఆగస్టు 15 దాకా కిక్కిరిసిపోతుంది. ఆ తర్వాత రద్దీ సడలుతుంది, అద్దెలు దిగుతాయి, ఇంగ్లండ్ బడులు ఇంకా తెరవరు. ఊరు వాందే తీరంలోని నువార్ముటియే. పేరుకి ద్వీపం. 1971లో వంతెన కట్టారు కాబట్టి కారులో వెళ్లిపోవచ్చు. పోర్ట్స్‌మత్‌లో రాత్రి ఓడెక్కి పడుకుంటే పొద్దున్నే సెయింట్ మాలోలో దిగుతాం. అక్కడి నుంచి నాంత్ నగరం మీదుగా మధ్యాహ్నానికి చేరాం.

ద్వీపానికి వంతెన కాకుండా ఇంకో దారుంది, దాని కోసమే ఈ ఊరు ఎంచుకున్నాను. పసాజ్ ద్యు గ్వా అంటారు. నాలుగు కిలోమీటర్లకి పైగా ఉండే రోడ్డు, సముద్రం మీద కాదు, సముద్రపు అడుగున. రోజుకి రెండుసార్లు మునుగుతుంది, రెండుసార్లు తేలుతుంది. పూర్తి ఆటు వేళకి గంటన్నర ముందు నుంచి గంటన్నర తర్వాత దాకా మాత్రమే దాటొచ్చని రెండు చివర్లా పెద్ద బోర్డులు పెట్టి ఉంటాయి. లెక్క తప్పినవాళ్ల కోసం దారి పొడవునా అక్కడక్కడా స్తంభాలు, వాటి పైన నిలబడే తొట్టెలు ఉన్నాయి. రాళ్లు నాచు పట్టి జారుతుంటాయి. 1999లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం ఇటు వచ్చినప్పుడు ఇక్కడే చాలామంది కుప్పకూలారు.

అమావాస్య మర్నాడు మేం ఆ రోడ్డుకి ద్వీపం వైపు చివరనున్న బార్బాత్ర్ ఊరి గట్టు మీద ముందుగానే వెళ్లి కూర్చున్నాం. ఎదురుగా నీళ్లే. రోడ్డు తిన్నగా ఆ నీళ్లలోకి దిగిపోయి కనబడకుండా పోయింది. పది నిమిషాలకి ఒక స్తంభం మొదలు బయటపడింది. తర్వాత రోడ్డు నడిమి భాగం, చేప వీపులా, నల్లగా. రెండు పక్కలా నీళ్లు చప్పుడు లేకుండా జారిపోతున్నాయి. రాళ్ల సందుల్లో చిక్కిన పాచి అంతా ఒకే వైపుకి దువ్వినట్టు పడుకుంది. మా పెద్దవాడు వాచీ చూసుకుంటూ లేచి నిలబడ్డాడు, ఎవరూ మాట్లాడలేదు. అత్తగారు చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని రోడ్డు మీదకి దిగారు. కొంత దూరం నడిచాక ఆగి నలుదిక్కులా చూసి "ఏటే అమ్మా, ఇంత సముద్రం ఎక్కడికెళిపోనాది?" అన్నారు. అరవై ఎనిమిదేళ్లు సముద్రం పక్కన బతికిన మనిషి అడిగిన ప్రశ్న అది. ఆ మధ్యాహ్నం ఇసుక తవ్వి గుల్లలు ఏరాం. ఎంత చిన్నవి తియ్యకూడదో, మనిషికి ఎన్ని కిలోలు మించకూడదో బోర్డు మీద రాసి ఉంటుంది. కొలిచే ప్లాస్టిక్ పలక కూడా దొరుకుతుంది. పిల్లలిద్దరూ ప్రతి గుల్లనీ కొలిచి, చిన్నదైతే మళ్లీ ఇసుకలో పెట్టారు.

బస గురించి కూడా నాకో గట్టి అభిప్రాయం ఉంది. అంతకుముందు ఏడాది మేం ఒక పెద్ద హాలిడే పార్కులో దిగాం. నీటి జారుడుబల్లలు, రాత్రి డీజే, పిల్లల క్లబ్బు. వారానికి వెయ్యి యూరోలు దాటింది. పిల్లలు ఆ ఈతకొలను వదిలితే ఒట్టు. సముద్రం పది నిమిషాల నడక, వారంలో రెండుసార్లు వెళ్లాం. ఆ కొలను హైదరాబాద్ శివార్లలో ఉన్నా ఒకటే, అట్లాంటిక్ ఒడ్డున ఉన్నా ఒకటే. అందుకే ఈసారి ఊరి పంచాయతీలాంటి సంస్థ నడిపే మునిసిపల్ క్యాంపింగ్ తీసుకున్నాం. పైన్ చెట్ల నీడలో మన జాగా, అందులో మన గుడారం, మన కారు. పక్కన కుళాయి, నడిచే దూరంలో స్నానాల గదులు. కరెంటుతో కలిపి రాత్రికి 40 యూరోల లోపే అయింది. రేపటి రొట్టె ఇవాళ సాయంత్రమే ఆఫీసులో చెప్పి ఉంచుకోవాలి. రాత్రి గేటు వేసేస్తారు, తర్వాత కారు కదలదు, గొంతు పెగలదు.

ఈ చవక చోట్లు అక్కడ ఊరికే రాలేదు. 1936 వేసవిలో సమ్మెలతో దేశమంతా ఆగిపోయాక, పాపులర్ ఫ్రంట్ అనే వామపక్షాల కూటమి ప్రభుత్వం కార్మికులకి ఏటా రెండు వారాలు జీతంతో కూడిన సెలవు చట్టం చేసింది. లియో లగ్రాంజ్ అనే యువకుడు, క్రీడలూ విశ్రాంతి వ్యవహారాలు చూసిన ఉపమంత్రి, వాళ్ల రైలు టికెట్టు మీద 40 శాతం తగ్గింపు ఇప్పించాడు. ఫ్యాక్టరీ కుటుంబాలు సైకిళ్ల మీద, రైళ్లలో, గుడారాలు మోసుకుని జీవితంలో మొదటిసారి సముద్రం చూశాయి. ఆ రెండు వారాలే 1956లో మూడు, 1969లో నాలుగు, 1982లో ఐదు అయ్యాయి. 1986లో తీరాల చట్టం వచ్చి పోటు నీళ్లు చేరే అంచు నుంచి వంద మీటర్ల దాకా, ఊళ్లు లేనిచోట, కొత్త కట్టడాలు లేకుండా చేసింది. ఒడ్డు వెంట నడవడం ప్రతి మనిషికీ హక్కు. ఈ చరిత్ర తెలిశాక, "హోటల్‌కి డబ్బు చాలక గుడారమా?" అని ఎవరైనా అడిగితే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ గుడారం ఒకప్పుడు మిల్లు కార్మికులు పోరాడి సంపాదించుకున్న సెలవు.

మునిసిపల్ క్యాంపింగ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు గిన్నెలు తోముకునే తావు. వరసగా పది సింకులు, పైన రేకు. రాత్రి ఎనిమిదిన్నరకి ప్లాస్టిక్ టబ్బుల్లో అంట్లు వేసుకుని అందరూ వస్తారు. సగానికి పైగా మగవాళ్లే. మొదటి రాత్రి మా ఆయన టబ్బు పట్టుకుని బయల్దేరితే అత్తగారు లేచి అందుకోబోయారు. మూడో రాత్రికి ఆవిడే వెనకాల వెళ్లి బల్ల మీద కూర్చుని, పక్క గుడారం ముసలావిడతో మాట్లాడుతున్నారు. ఒకరిది తెలుగు, ఒకరిది ఫ్రెంచి. ఏం మాట్లాడుకున్నారని అడిగితే "ఆవిడ మోకాళ్ల నొప్పుల గురించి" అన్నారు. మర్నాడు మా గుడారం ముందు చిన్న చిన్న బంగాళాదుంపల సంచీ ఒకటి ఉంది. ఆ ద్వీపం దుంపలకి పెట్టింది పేరు. అత్తగారు వేపుడు చేసి సగం అటు పంపారు.

వంట సంగతి వచ్చింది కాబట్టి కరెంటు గురించి చెప్పాలి, మనవాళ్లకి ఎక్కువ ఇబ్బంది ఇక్కడే. బుక్ చేసేటప్పుడు 6 ఆంపియర్లా, 10 ఆంపియర్లా అని అడుగుతారు. 6 అంటే 230 వోల్టుల మీద 1,380 వాట్లు, అంతే. ఇంట్లో వాడే ఎలక్ట్రిక్ కెటిల్ ఒక్కటే రెండు మూడు వేల వాట్లు లాగుతుంది. రెండో సాయంత్రం 700 వాట్ల రైస్ కుక్కర్ ఉడుకుతుండగా నేను కెటిల్ పెట్టాను. టక్కుమని అంతా చీకటి. స్విచ్చుల పెట్టెకి తాళం, ఆఫీసు ఏడింటికే మూసేశారు. సగం ఉడికిన అన్నాన్ని గ్యాస్ పొయ్యి మీదకి మార్చి, తలకి కట్టుకునే టార్చి వెలుతురులో పూర్తిచేశాను. కాబట్టి 10 ఆంపియర్లే అడగండి, కెటిల్ ఇంట్లో వదిలేయండి. నీలం రంగు మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు, పాతిక మీటర్ల తీగ తీసుకెళ్లండి. పప్పుకి గ్యాస్ మీద ప్రెషర్ కుక్కర్ చాలు.

బొగ్గుల పొయ్యి మాత్రం వద్దు. 2022 జులైలో నైరుతి ఫ్రాన్స్‌లోని జిరోంద్ జిల్లా అడవులు తగలబడినప్పుడు పిలా ఇసుక దిబ్బ కింద ఉన్న ఐదు క్యాంపింగ్‌లు నాశనమయ్యాయి. వేలమంది సెలవులవాళ్లని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు, అందుకే ప్రాణాలు పోలేదు. పైన్ ఆకు ఎండితే ఎలా అంటుకుంటుందో మన తాటాకు చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆ ప్రాంతంలోనే, వాందేకి దక్షిణంగా, ఒడ్డు దగ్గర బైన్ అనే నీటి గుంటలు ఏర్పడతాయి. పైకి మడుగులా ప్రశాంతంగా ఉంటాయి, ఆటు వేళ మనిషిని లోపలికి లాక్కుపోతాయి. కాపలావాళ్లు పాతిన ఎరుపు-పసుపు జెండాల మధ్యే దిగాలి, పిల్లలకి మొదటి రోజే చెప్పి ఉంచాలి. ఈతకొలనుకి వెళ్లే మగపిల్లలకి వదులు నిక్కర్లు పనికిరావు, బిగుతువే కావాలి. సముద్రంలో అలాంటి నిబంధన లేదు, అత్తగారు చీరతోనే దిగారు.

ఎదురుమాటలు లేకపోలేదు. వాన పడుతుంది. పోయినేడు రెండు రాత్రులు పడింది, ఒక మూల తడిసింది, పిల్లల పరుపు మార్చాం. పెద్దవాళ్లకి అర్ధరాత్రి లేచి టార్చితో వంద అడుగులు నడవడం కష్టమే. స్నానాల గదులకి దగ్గర జాగా కావాలని బుక్ చేసేటప్పుడే రాయాలి, నేల మీద కాకుండా ఎత్తు మడత మంచం తీసుకెళ్లాలి. అత్తగారికి మేం అలాగే చేశాం. మోకాళ్లు మరీ సహకరించని వాళ్లుంటే అక్కడే చెక్క గది అద్దెకి తీసుకోండి. నేను అడిగేది ఒకేచోట ఉండమని, నేల మీదే పడుకోమని కాదు.

వీసా గురించి ఒక మాట. ఇండియా పాస్‌పోర్టు ఉంటే బ్రిటన్‌లో నివాసమున్నా షెంగెన్ వీసా, అంటే ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిగా చెల్లే వీసా, కావాలి. ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. క్యాంపింగ్ రసీదు బసకి రుజువుగా చూపించొచ్చు, దాంతోపాటు 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలు ఆ వీసా ఇండియాలోనే తీసుకుని బయల్దేరాలి, ఇక్కడికి వచ్చాక చూసుకుందామంటే మామూలుగా కుదరదు. మన ప్రయాణాలు చాలా ఆగిపోయేది ఇక్కడే. అందుకే తేదీలు జనవరిలోనే తేల్చుకోవాలి. ఈ ఏడు 2026లో ఆగస్టు 12న అమావాస్య, 28న శ్రావణ పౌర్ణమి. మొదటిదానికి సూర్యగ్రహణం, రెండోదానికి చంద్రగ్రహణం. అత్తగారు ఫోన్లో కాసేపు ఆలోచించి, చంద్రగ్రహణం తెల్లవారుజామునే కాబట్టి 28 నయమన్నారు.

నువార్ముటియే మధ్యలో అంతా ఉప్పు మడులే. సాయంత్రం పూట పొడుగు కర్రకి బిగించిన పలకతో ఒక మనిషి నీటి మీద తేలిన తెల్లటి పొరని మెల్లగా తీస్తున్నాడు. కింద బంకమన్నుని తాకి వచ్చే ఉప్పు బూడిద రంగులో ఉంటుంది, పైన తేలేది తెల్లగా, ఖరీదుగా ఉంటుంది. అత్తగారు గట్టు మీద చాలాసేపు నిలబడ్డారు. "పలక పట్టుకోడం మావాళ్లలాగే ఉంది. మావాళ్లకింత ధర రాదు" అన్నారు. నౌపడ ఉప్పుకి పేరుంది, ఆ మడుల్లో నిలబడేవాళ్లకి ఏం ఉందో ఆవిడకి తెలుసు. ఒక చిన్న సంచీ కొని ఊరికి పట్టుకెళ్లారు, వాళ్ల తమ్ముడికి చూపించడానికి.

ఆగస్టు 27న వినాయక చవితి. ఇంగ్లండ్‌లో అయితే విగ్రహం ఆన్‌లైన్‌లో కొనేవాళ్లం. అత్తగారు గ్వా పక్క బురద చిన్న బక్కెట్‌తో తెచ్చి, పిల్లలని ఇద్దరినీ కూర్చోబెట్టి గుడారం ముందు జానెడు వినాయకుణ్ణి చేయించారు. కళ్లకి రెండు గుల్ల ముక్కలు. పత్రికి దొరికిన ఆకులే. ఉండ్రాళ్లు ప్రెషర్ కుక్కర్లో ఆవిరి మీద ఉడికాయి. కథ ఆవిడే చెప్పారు, పక్క గుడారం ముసలావిడ కుర్చీ తెచ్చుకుని అర్థం కాకపోయినా చివరిదాకా విని ఉండ్రాయి తిన్నారు.

సాయంత్రం నిమజ్జనానికి ఒడ్డుకి వెళ్లేసరికి నీళ్లు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. మా ఆయన విగ్రహాన్ని పట్టుకుని అటు నడవబోయారు. చిన్నది చెయ్యి పట్టుకుని ఆపింది. జేబులోంచి పోటు పట్టీ తీసి వేలితో వరస వెతికి, "అక్కర్లేదు నాన్నా, ఇక్కడ పెట్టు" అంది. తడి ఇసుక మీద వినాయకుణ్ణి పీటతో సహా కూర్చోబెట్టి, మేం నాలుగడుగులు వెనక్కి వచ్చి కూర్చున్నాం. మొదటి నురగ వచ్చి పీట అంచుని తాకి వెనక్కి పోయింది.